ఇంటి అలారం ప్యానెల్‌కి స్మోక్, హీట్ డిటెక్టర్లు: టెక్నీషియన్ చెప్పిన వైరింగ్ కరెక్టేనా?

నిజాంపేట్_డాబా:

అందరికీ నమస్తే. మాది నిజాంపేట్‌లో జీ ప్లస్ వన్ ఇల్లు, డాబా మీద రేకుల గది ఒకటి. దొంగల అలారం ఇప్పటికే ఉంది. ప్యానెల్ డీఎస్‌సీ పీసీ 1832. ముందు తలుపుకి, వెనక తలుపుకి మాగ్నెట్లు, హాల్లో ఒక పీఐఆర్ (మనిషి కదలికని పట్టే సెన్సర్), పై లాబీలో ఇంకో పీఐఆర్, అలా నాలుగు జోన్లు (ప్యానెల్ విడిగా గమనించే లైన్లు) నిండాయి, బోర్డు మీద నాలుగు ఖాళీ. ఇప్పుడు అదే ప్యానెల్‌కి మూడు స్మోక్ డిటెక్టర్లు, రెండు హీట్ డిటెక్టర్లు కలుపుదామని సామాను తెచ్చి పెట్టాం. స్మోక్‌లు 12 వోల్టుల నాలుగు వైర్ల రకం, లోపల రిలే (కరెంటుతో మారే స్విచ్) ఉంది, ఎన్ఓ (మామూలప్పుడు తెరిచి ఉండే కాంటాక్ట్), ఎన్‌సీ (మామూలప్పుడు మూసి ఉండేది) రెండూ ఇచ్చాడు. హీట్‌వాటికి రెండే స్క్రూలు, కరెంటు అక్కర్లేదట, రెండింటి మీదా 57 డిగ్రీలు అని రాసుంది.

స్మోక్ ఒకటి మెట్ల కింద (ఇన్వర్టర్, బ్యాటరీ అక్కడే ఉంటాయి, రాత్రిళ్లు మా తమ్ముడు ఎలక్ట్రిక్ స్కూటర్ కూడా లోపలికి తెచ్చి అక్కడే ఛార్జింగ్ పెడతాడు), ఒకటి కింద బెడ్‌రూమ్‌ల ముందు నడవలో, ఒకటి పై లాబీలో. హీట్ ఒకటి వంటింట్లో, ఒకటి రేకుల గదిలో. ఇల్లు కట్టేటప్పుడే ఒక్కో పాయింట్ నుంచి ప్యానెల్ దాకా విడివిడిగా నాలుగు కోర్ల కేబుల్ లాగించి ఉంచాం.

టెక్నీషియన్ వచ్చి చూసి, "పీఐఆర్‌లు ఎట్లిచ్చినమో ఇవీ అట్లనే సార్, అన్నీ ఎన్‌సీల సీరీస్ కొట్టి ఒక్క జోన్‌ల వేస్తా, పవర్ ప్యానెల్‌ల ఉండే ఆక్స్ (12 వోల్టుల అవుట్‌పుట్) నుంచి ఇస్తా, గంటల అయిపోతది" అన్నాడు. మనిషి మంచివాడే, పీఐఆర్‌లు చక్కగానే పెట్టాడు, కానీ ఎందుకో మనసు ఒప్పుకోవట్లేదు. ఇలా చేయొచ్చా? ఇంకో సంగతి, అమ్మ ఎండుమిర్చి పోపు వేస్తే వీధి చివరిదాకా దగ్గొస్తుంది, నాన్న శుక్రవారం ఇల్లంతా సాంబ్రాణి పడతారు. అస్తమానం సైరన్ మోగితే ఇంట్లోవాళ్లు మొత్తం పీకించేస్తారని టెన్షన్.

ప్యానెల్_బాబాయ్:

ఆ వైరింగ్ వద్దండి. గంటలో అయిపోతుందన్నది మాత్రం నిజమే, కష్టమైన భాగమంతా వదిలేస్తే గంటలో అయిపోతుంది మరి.

పీఐఆర్‌కీ ఫైర్ డిటెక్టర్‌కీ జోన్ పనిచేసే తీరే వేరు. ఫైర్ జోన్‌లో డిటెక్టర్ల ఎన్ఓ కాంటాక్టులన్నీ పారలల్‌గా వస్తాయి, ఆ రెండు తీగలు చివరి డిటెక్టర్ దగ్గర ఒక రెసిస్టర్‌తో ముగుస్తాయి. మీ ప్యానెల్‌కి అది 5.6 కిలో ఓమ్‌లు, ఆకుపచ్చ, నీలం, ఎరుపు చారలుంటాయి, ప్యానెల్‌తో వచ్చిన చిన్న కవర్లోనే ఉండాలి. మామూలప్పుడు ప్యానెల్‌కి ఆ 5.6 కిలో కనిపిస్తూ ఉంటుంది. పొగ వస్తే రిలే మూసుకుని తీగలు షార్ట్ అవుతాయి, అది మంట. ఎక్కడైనా తీగ తెగినా, రంగులేసేవాడు డిటెక్టర్ ఊడదీసి మళ్లీ పెట్టకపోయినా లైన్ ఓపెన్ అవుతుంది, అది ట్రబుల్, కీప్యాడ్ బీప్ బీప్ అని చెబుతుంది, సైరన్ మాత్రం మోగదు.

ఇప్పుడు మీవాడు చెప్పినట్టు ఎన్‌సీ సీరీస్ కొట్టి, జోన్ టైపు మాత్రం ఫైర్ అని పెట్టారనుకోండి. నిజంగా పొగ వచ్చినప్పుడు కాంటాక్ట్ తెరుచుకుంటుంది, ప్యానెల్ దాన్ని తెగిన తీగ అనుకుని ట్రబుల్ చూపించి ఊరుకుంటుంది. ఇల్లు కాలుతున్నా సైరన్ మోగదు! అలా కాదని దొంగల జోన్ టైపే ఉంచితే, మీరు అలారం ఆన్ (ఆర్మ్) చేసినప్పుడే పనిచేస్తుంది, మధ్యాహ్నం అమ్మ ఒక్కరే ఉన్నప్పుడు అది ఉన్నట్టా లేనట్టా? పైగా రెసిస్టర్ లేని సీరీస్ లైన్‌లో ఎలుక కొరికి రెండు తీగలు కలిసిపోతే ప్యానెల్‌కి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, ఆ సంగతి ఎవరికీ తెలియదు.

జోన్ టైపు 08 పెట్టండి, అది మామూలు 24 గంటల ఫైర్, ఆర్మ్ చేసినా చేయకపోయినా పనిచేస్తుంది. 07 అని ఇంకోటుంది, డిలేడ్ ఫైర్. సైరన్ వెంటనే మోగుతుంది కానీ బయటికి కాల్ పోవడానికి 30 సెకన్లు ఆగుతుంది, ఈలోగా ఏ కీ నొక్కినా సైరన్ ఆగి, కిటికీ తెరిచి పొగ పంపేసుకోవడానికి 90 సెకన్లు ఇస్తుంది, అప్పటికీ పొగ పోకపోతే మళ్లీ మొదలు. మీ నాన్నగారి సాంబ్రాణికి ఇది సరిగ్గా సరిపోతుంది, నడవలోదానికి 07 ఇచ్చేయండి.

రెండోది, పవర్. స్మోక్ డిటెక్టర్ ఒకసారి అలారంలోకి వెళ్తే అలాగే పట్టుకుని కూర్చుంటుంది, పొగ పోయినా ఎర్ర లైటు ఆరదు, దాని కరెంటు కాసేపు తీసి మళ్లీ ఇస్తేనే మామూలవుతుంది. మైనస్‌ని నేరుగా ఆక్స్ మైనస్‌కి కలిపితే ప్రతిసారీ ప్యానెల్ డబ్బా తెరిచి తీగ పీకాలి. అందుకని ప్లస్ ఆక్స్ నుంచి, మైనస్ పీజీఎమ్ 2 (బోర్డు మీద మనం ప్రోగ్రామ్ చేసుకునే అవుట్‌పుట్) నుంచి ఇచ్చి, ఆ పీజీఎమ్‌ని సెన్సర్ రీసెట్‌గా ప్రోగ్రామ్ చేయండి. కీప్యాడ్ మీద స్టార్, 7, 2 నొక్కితే అయిదు సెకన్లు కరెంటు ఆపి తిరిగి ఇస్తుంది. పీజీఎమ్ 1 ఎందుకు కాదంటే అది 50 మిల్లీ ఆంప్స్ మించి లాగలేదు, 2 అయితే 300 దాకా తట్టుకుంటుంది. అలారంలో ఒక్కో స్మోక్ ఇరవై ముప్పై మిల్లీ ఆంప్స్ తీసుకుంటుంది, మీవి మూడు.

కొండాపూర్_వంటిల్లు:

నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ మన వంటిళ్లకి ఆ సామెత పనిచేయదు, ఆవాలు చిటపటలాడితే చాలు. వంటింట్లో హీట్ పెట్టాలన్న ఆలోచన మంచిది. కాకపోతే మీ హీట్ డిటెక్టర్ రేట్ ఆఫ్ రైజ్ రకమా, ఫిక్స్‌డ్ (రాసి ఉన్న డిగ్రీలు చేరితేనే కొట్టేది) ఒక్కటేనా చూడండి. రేట్ ఆఫ్ రైజ్ అంటే 57 దాకా ఆగదు, నిమిషానికి 8 డిగ్రీల పైచిలుకు వేడి పెరిగినా కొట్టేస్తుంది. దాన్ని పొయ్యికి నెత్తిన పెడితే కుక్కర్ మూత తీసినప్పుడల్లా పరీక్షే. స్లాబ్ మధ్యలో, పొయ్యికీ చిమ్నీకీ దూరంగా పెట్టండి, లేదా వంటింటికి ఫిక్స్‌డ్ మాత్రమే ఉన్నది తీసుకోండి.

రేకుల గదికి 57ది అస్సలు వద్దు. మే నెలలో మన దగ్గర బయటే 42, 43 ఉంటుంది, రేకు కింద తలుపులేసిన గదిలో, అదీ పైకప్పుకి ఆనించి పెట్టిన డిటెక్టర్ దగ్గర ఎంతుంటుందో ఒకసారి థర్మామీటర్ కట్టి చూడండి మీకే తెలుస్తుంది. అలాంటి చోట్లకి 90 డిగ్రీల రేటింగ్‌వి ఉంటాయి, అది ఇవ్వమని అడగండి, రాణిగంజ్ వైపు ఫైర్ సామాను అమ్మేవాళ్ల దగ్గర వెతకండి.

నడవలోది, లాబీలోది సీలింగ్ ఫ్యాన్‌కి దూరంగా, రెక్క చివర నుంచి కనీసం మూడడుగులు వదిలి పెట్టించండి, ఏసీ గాలి వచ్చే చోటుకీ అదే లెక్క. ఫ్యాన్ గాలికి పొగ చెదిరిపోయి డిటెక్టర్ దాకా చేరదు. బాత్రూమ్ తలుపు ఎదురుగా కూడా వద్దు, గీజర్ ఆవిరిని పొగ అనుకుంటుంది. పూజగది దగ్గర నుంచి ఎంత జరపగలిగితే అంత జరపండి.

గ్యాస్ లీక్‌కి ఇవేవీ పనికిరావు, చాలామంది పనికొస్తాయనుకుంటారు. ఎల్పీజీ గాలికన్నా బరువు, నేల మీదే పరుచుకుంటుంది, దాని సెన్సర్ నేలకి అడుగు లోపు ఎత్తులో వేరేగా ఉండాలి. దాన్ని ఫైర్ జోన్‌లో కలపొద్దు, అది మోగితే చేయాల్సిన పని వేరు, ముందు స్విచ్చులు ముట్టుకోకుండా రెగ్యులేటర్ ఆపి కిటికీలు తీయాలి.

నిజాంపేట్_డాబా:

బాబాయ్ గారూ, చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఒక సందేహం. చివరి డిటెక్టర్ దగ్గర రెసిస్టర్ అన్నారు, కానీ నా కేబుళ్లన్నీ విడివిడిగా ప్యానెల్‌కే వచ్చాయి కదా, ఇందులో చివరిది ఏది? అన్నింటినీ ప్యానెల్ దగ్గర ఒకచోట ముడేసి, ఏదో ఒక కేబుల్ చివర రెసిస్టర్ పెడితే సరిపోతుందా? టెక్నీషియన్ అయితే రెసిస్టర్ ప్యానెల్ డబ్బాలోనే స్క్రూకి బిగించేస్తా అంటున్నాడు.

ప్యానెల్_బాబాయ్:

మంచి ప్రశ్న, చాలా ఇళ్లలో తప్పు జరిగేది ఇక్కడే. డబ్బాలోనే రెసిస్టర్ బిగిస్తే బయట అయిదు కేబుళ్లూ తెగిపోయినా ప్యానెల్‌కి 5.6 కిలో కనిపిస్తూనే ఉంటుంది, అంతా భేష్ అంటుంది. ముడేసి ఒక కేబుల్ చివర పెట్టినా ఆ ఒక్క కేబులే కాపలాలో ఉంటుంది, మిగతా నాలుగూ గాలికి పోయినట్టే. ఫైర్ లైన్ ఒక డిటెక్టర్‌లోకి వెళ్లి, దాని స్క్రూ మీద నుంచే బయటికొచ్చి, తర్వాతి దానికి వెళ్లాలి. స్క్రూ కింద కూడా తీగ పై తోలు వలిచి చుట్టి వదిలేయకుండా, కత్తిరించి, వచ్చే కొనని ఒక గాడిలో, వెళ్లే కొనని ఇంకో గాడిలో బిగించాలి, అప్పుడే ఆ స్క్రూ వదులైతే లైన్ తెగి ట్రబుల్ వస్తుంది.

మీ దగ్గర అదృష్టవశాత్తూ ఖాళీ జోన్లు నాలుగున్నాయి. ఇలా చేయండి. హీట్‌వాటికి కరెంటు అక్కర్లేదు కాబట్టి వంటింటి కేబుల్‌లో రెండు కోర్లు పోవడానికి, రెండు కోర్లు తిరిగి రావడానికి వాడండి, ఆ తిరిగొచ్చిన రెండింటిని ప్యానెల్ దగ్గర రేకుల గది కేబుల్‌కి కలపండి, రేకుల గది డిటెక్టర్ స్క్రూల మీద రెసిస్టర్. ఇది ఒక జోన్. స్మోక్‌లకి నాలుగు కోర్లూ అయిపోతాయి, రెండు పవర్, రెండు జోన్, తిరిగి రావడానికి తీగలు మిగలవు. కాబట్టి మూడింటికీ మూడు జోన్లు, ఒక్కోదాని దగ్గరే ఒక్కో రెసిస్టర్. లెక్క సరిపోయింది. పైగా కీప్యాడ్ మీద ఎక్కడ పొగో కూడా తెలుస్తుంది.

ఇంకొక్కటి మిగిలింది, పవర్ తీగ తెగితే? డిటెక్టర్ చచ్చిపోయి ఉంటుంది కానీ దాని ఎన్ఓ కాంటాక్ట్ ఓపెన్‌గానే ఉంటుంది కదా, ప్యానెల్‌కి తేడా తెలియదు. దానికోసం పవర్ కొసన చిన్న 12 వోల్టుల రిలే పెడతారు, కరెంటు ఉన్నంతసేపూ దాని కాంటాక్ట్ మూసుకుని ఉంటుంది, ఆ కాంటాక్ట్‌ని రెసిస్టర్‌తో సీరీస్‌లో వేస్తారు. పవర్ పోగానే రిలే వదిలేసి జోన్ ఓపెన్, ట్రబుల్. మూడు స్మోక్‌లకీ మూడు రిలేలు, డిటెక్టర్ వెనక జంక్షన్ బాక్స్‌లో ఇమిడిపోతాయి. స్టార్, 7, 2 కొట్టినప్పుడు ఆ కాసేపు ట్రబుల్ చూపించి పోతుంది, కంగారుపడకండి.

మీరు స్మోక్‌లు మార్చుకోగలిగితే ఇంకో దారి ఉంది. ఈ ప్యానెల్‌లో పీజీఎమ్ 2ని రెండు వైర్ల స్మోక్‌లకి ఇన్‌పుట్‌గా కూడా పెట్టుకోవచ్చు, అప్పుడు పవరూ సిగ్నలూ ఒకే జతలో వెళ్తాయి, మీ నాలుగు కోర్లతో పోనూ రానూ లూప్ అయిపోతుంది, రిలేల గొడవ ఉండదు, రెసిస్టర్ మాత్రం 2.2 కిలో. కానీ రెండు వైర్ల రకంలో ఏది పడితే అది పనిచేయదు, ప్యానెల్ మాన్యువల్‌లో ఇచ్చిన మోడళ్లే కొనాలి. పెద్ద బిల్డింగుల ఫైర్ ప్యానెళ్లకి వాడే 24 వోల్టులవి మార్కెట్లో ఎక్కువ దొరుకుతాయి, అందుకని అవే అంటగడతారు, తీసుకోకండి.

గచ్చిబౌలి_ఫ్లాట్:

ఇంత తతంగం ఎందుకు భయ్యా, ఆన్‌లైన్‌లో బ్యాటరీతో నడిచేవి దొరుకుతున్నాయి, సీలింగ్‌కి అతికిస్తే పని అయిపోతుంది కదా. మా ఫ్లాట్‌లో అవే.

ప్యానెల్_బాబాయ్:

ఫ్లాట్‌కి పర్లేదు, ఏమీ లేకపోవడం కన్నా వెయ్యి రెట్లు నయం. కానీ వాళ్లది రెండంతస్తుల ఇల్లు. మెట్ల కింద మోగింది పైన ఏసీ వేసుకుని తలుపేసుకున్నవాళ్లకి వినిపించాలిగా. ఒకటి మోగితే అన్నీ మోగే రకమైతే సరే. వాళ్లకి ప్యానెల్ ఉంది, వైర్లు ఉన్నాయి, సైరన్ ఉంది, ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఫోన్‌కి కాల్ పోయే ఏర్పాటూ దానికే పెట్టుకోవచ్చు, ఇవన్నీ వదులుకోవడం దేనికి?

సికింద్రాబాద్_అక్క:

వైరింగ్ గురించి నాకు తెలియదు గానీ, మెట్ల కింద స్కూటర్ ఛార్జింగ్ అని చదవగానే ఆగిపోయాను. 2022 సెప్టెంబర్ 12న మా సికింద్రాబాద్‌లో రూబీ హోటల్ ఘటన గుర్తుందా? కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు, పొగ మెట్ల మీదుగా పైన లాడ్జి గదుల్లోకి ఎక్కేసింది, ఎనిమిది మంది పోయారు. అంతెందుకు, 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒకే ఇంట్లో పదిహేడు మంది, అక్కడా ఎక్కువమందిని చంపింది పొగే. ఇంటికి మెట్లు అంటే పొగగొట్టమే తమ్ముడూ, కిందిది నిమిషాల్లో పైకి వచ్చేస్తుంది, మీరు దిగి పారిపోవాల్సిన దారీ అదే. డిటెక్టర్ పెట్టండి, కాదనను, కానీ స్కూటర్ మాత్రం గేటు పక్కన గోడకి ప్లగ్ పెట్టించి అక్కడే ఛార్జ్ చేయమనండి. దొంగల భయమైతే అక్కడ ఒక కెమెరా పెట్టుకోండి.

ఇంకోటి, మన ఇళ్లకి కిటికీలన్నిటికీ గ్రిల్స్, రాత్రి ముందు గేటుకి తాళం, వెనక గ్రిల్‌కి తాళం. సైరన్ మోగాక తాళంచెవి ఎవరి దిండు కింద ఉందో వెతుక్కోవడమేనా? తలుపు పక్కనే, బయటివాళ్లకి అందకుండా, ఇంట్లో పిల్లలకి కూడా తెలిసేలా ఒక మేకుకి వేలాడదీయండి.

ప్యానెల్_బాబాయ్:

అక్క చెప్పినదానికి ఒకటి కలుపుతా. సైరన్ శబ్దం రెండు రకాలుగా రావాలి. దొంగలకి ఆపకుండా మోగుతుంది, ఫైర్‌కి ఆగి ఆగి మోగుతుంది. ఈ ప్యానెల్‌లో మూడు కూతలు, కొంచెం విరామం, మళ్లీ మూడు కూతలు అనే పద్ధతి పెట్టుకోవచ్చు, అంతర్జాతీయంగా ఖాళీ చేసి వెళ్లమనే సంకేతం అదే. దొంగ వస్తే తలుపేసుకుని లోపలే ఉండాలి, మంటొస్తే బయటికి పరుగెత్తాలి, నిద్రమత్తులో రెండూ ఒకేలా వినిపిస్తే ఏం చేస్తారు? బిగించిన రోజే రెండూ మోగించి అమ్మానాన్నలకి వినిపించండి.

మెట్ల కింద కూడా స్మోకే ఉండనివ్వండి, హీట్ పెట్టొద్దు, బ్యాటరీ పొగ వదిలాక 57 డిగ్రీలు చేరేదాకా ఆగడం దండగ. కాకపోతే అక్కడ దుమ్ము ఎక్కువ, దుమ్మూ చిన్న పురుగులూ లోపలికి దూరితే ఊరికే మోగుతుంది, అప్పుడప్పుడూ వాక్యూమ్‌తో పీల్చండి, రంగులేసినప్పుడు టోపీ తొడగండి. పరీక్షకి అగరబత్తి పొగ పెట్టొద్దు, జిడ్డు లోపల పేరుకుంటుంది, డిటెక్టర్ల కోసమే డబ్బాలో స్ప్రే వస్తుంది. హీట్‌వాటిలో రేట్ ఆఫ్ రైజ్ ఉన్నదాన్ని హెయిర్ డ్రయర్‌తో కాసేపు వెచ్చబెట్టి చూడొచ్చు, ఫిక్స్‌డ్ రకాన్ని మాత్రం ముట్టుకోకండి, చాలా మోడళ్లలో అది ఒక్కసారి కరిగితే మళ్లీ పనికిరాదు, మార్చాల్సిందే.

ఈసీఐఎల్_రిటైర్డ్:

బాబాయ్ గారి లెక్కలన్నీ బాగున్నాయి, బ్యాటరీ ఒక్కటి చూడలేదు. ఆ మూడు రిలేలు ఊరికే కూర్చోవు, కరెంటు తాగుతూనే ఉంటాయి. మామూలు 12 వోల్టుల రిలే కాయిల్ 400 ఓమ్‌లు అనుకుంటే ఒక్కోటి 30 మిల్లీ ఆంప్స్, మూడూ కలిపి 90. ప్యానెల్ బోర్డు, కీప్యాడ్ కలిపి సుమారు 200, పీఐఆర్‌లు రెండూ 25 వేసుకోండి, స్మోక్‌లు మామూలప్పుడు తీసుకునేది లెక్కలోకే రాదు. మొత్తం 315 మిల్లీ ఆంప్స్. 24 గంటలకి ఏడున్నర ఆంపియర్ అవర్స్ పైనే. డబ్బాలో ఉండేది 7 ఏహెచ్ బ్యాటరీ, అదీ కొత్తగా ఉంటే. అంటే కరెంటు పోతే ఒక రోజు కూడా పూర్తిగా ఆగదు.

ఇన్వర్టర్ ఉంది కదా అనకండి, మంట మొదలయ్యే అవకాశం ఉన్న చోట్లలో ఆ ఇన్వర్టరే ఒకటి, అది పోయాక ప్యానెల్ తన బ్యాటరీ మీదే నడవాలి. ఎండ్ ఆఫ్ లైన్ రిలే అని ఈ పనికే చేసినవి తక్కువ కరెంటుతో నడిచేవి దొరుకుతాయి, కొనేటప్పుడు ట్రూప్ బజార్‌లో దొరికే మామూలు రిలే కాకుండా అవి అడగండి. మామూలు రిలేనే వాడతానంటే కాయిల్‌కి అడ్డంగా ఒక డయోడ్ వేయించండి. బ్యాటరీ మీద కొన్న తేదీ మార్కర్‌తో రాసి, మూడు నాలుగేళ్లకి మార్చేయండి.

నిజాంపేట్_డాబా:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. టెక్నీషియన్‌కి ఈ చర్చంతా వాట్సాప్‌లో పంపించా. "ఎన్ఓ, రెసిస్టర్ డిటెక్టర్ కాడనే, సరే సార్, రిలేలు మీరు తెచ్చుకోండి, రేటు మాత్రం మళ్లీ మాట్లాడుకుందాం" అన్నాడు. రేకుల గదికి 90 డిగ్రీలది వెతుకుతున్నా. స్కూటర్ సంగతి తమ్ముడితో మాట్లాడా, గేటు దగ్గర ప్లగ్‌కి ఎలక్ట్రీషియన్ ఆదివారం వస్తానన్నాడు. ఒక్క చిన్న డౌటు, హీట్ డిటెక్టర్లలో పోయే తీగకీ వచ్చే తీగకీ ప్లస్ మైనస్ చూడాలా?

ప్యానెల్_బాబాయ్:

హీట్‌లో మామూలు డ్రై కాంటాక్టే (ఉత్త స్విచ్ లాంటిది) కాబట్టి ప్లస్ మైనస్ అక్కర్లేదు, కానీ వెళ్లే జతా వచ్చే జతా కలిసిపోకుండా రంగులు ఒకే పద్ధతిలో పెట్టుకోండి, ఎరుపు నలుపు వెళ్లేవి, పసుపు ఆకుపచ్చ వచ్చేవి అని డబ్బా మూత లోపల రాసి అతికించండి. స్మోక్‌లకి మాత్రం ప్లస్ మైనస్ తప్పనిసరి. అన్నీ బిగించాక ఒక్కో డిటెక్టర్‌నీ బేస్ నుంచి తిప్పి ఊడదీయండి, బేస్ లేని రకమైతే జోన్ తీగ ఒకటి విప్పండి, ప్రతిసారీ కీప్యాడ్‌లో ట్రబుల్ రావాలి. ఏ ఒక్కదానికి రాకపోయినా డబ్బులు ఇవ్వకండి.